ప్రయాణం చేసొచ్చిన రొయ్యలు

మొదటి బోను పైకి లాగేటప్పుడు సోల్వేయ్ కళ్ళు మూసుకుంది. అరవై మూడేళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళపాటు స్కూలు బస్సు నడిపి ఊళ్ళో పిల్లలందరినీ గడగడలాడించిన మనిషి, తెల్లారి ఐదింటికి పడవలో నిలబడి కళ్ళు గట్టిగా మూసుకుని తాడు లాగుతోంది. తెడ్లు పట్టుకున్న ఆమె మొగుడు రూనెకి నవ్వాగలేదు.

"కళ్ళు మూసుకుంటే రొయ్యలు పడతాయా ఏంటి? తెరువు."

"నువ్వు చూసి చెప్పు. నా వల్ల కాదు."

"నేను చెప్పను. నువ్వే చూసుకో."

"రూనె, చెరువులోకి తోసేస్తా చెప్తున్నా!"

తోసే లోపలే బోనులోంచి టకటకమని చప్పుడు వినబడింది. సోల్వేయ్ కళ్ళు తెరిచింది. ఏడు! పీతకున్నట్టు రెండేసి డెక్కలు పైకెత్తి, నల్లగా నిగనిగలాడుతూ, కొట్లాటకొచ్చినట్టు చూస్తున్న ఏడు నాటు రొయ్యలు. సోల్వేయ్ పెట్టిన కేకకి రెల్లుపొదల్లోని బాతులన్నీ లేచిపోయాయి. చెరువుకి అవతలి ఒడ్డున ఇంకో పడవలోంచి ఎవరో "ఎన్ని?" అని అరిచారు. "ఏడు!" అని అరిచింది. "మాకు తొమ్మిది!" అని జవాబొచ్చింది. పెద్దవాళ్ళంతా పొద్దున్నే పడవల్లో నిలబడి చిన్నపిల్లల్లా అంకెలు అరుచుకుంటుంటే వినడానికి ఎంత బాగుందో చెప్పలేం.

ఎందుకంత సంబరం అంటే, గ్రిమ్‌షోన్ చెరువులో డెక్కల రొయ్య పట్టి పద్నాలుగేళ్ళయింది. స్మోలాండ్ అడవుల్లో ఆగస్టు నెలలో రొయ్యల విందు లేని ఊరు ఊరే కాదు. అలాంటిది ఆ యేడు సెప్టెంబరులో, ఒక్క మూడు వారాల్లో, చెరువులో ఉన్న రొయ్యలన్నీ వెల్లకిలా పడి చచ్చాయి. రొయ్యతెగులు. ఎక్కడో అమెరికా నుంచి తెచ్చి పెద్ద చెరువుల్లో వదిలిన సీమ రొయ్యలు ఆ తెగులుని పెంకు మీద మోసుకు తిరుగుతాయి. వాటికేమీ కాదు. నాటు రొయ్యకి సోకిందంటే మాత్రం చెరువులో ఒక్కటి కూడా మిగలదు.

అదెలా వచ్చిందో ఎవరికీ తెలియలేదు. సోల్వేయ్ నాన్న అంతోన్ మాత్రం తనవల్లే వచ్చిందని తేల్చేసుకున్నాడు. ఆ వేసవిలో ఆయన వేలంపాటలో నాలుగు పాత బోన్లు కొన్నాడు. అవి ఏ నీళ్ళలో మునిగొచ్చినవో అడగలేదు. బోన్లన్నీ పెరట్లో కుప్పపోసి తగలబెట్టాడు. తరవాత బతికిన ఐదేళ్ళూ చెరువు వైపు కిటికీకి వీపు పెట్టుకునే కూర్చున్నాడు.

ఆయన అలా కూర్చుండిపోతే సోల్వేయ్ నడుం కట్టింది. ఏడేళ్ళు ఒట్టి చెరువుకి కాపలా కాసింది. నీళ్ళు శుభ్రపడ్డాయని పరీక్షలవాళ్ళు చెప్పాక మూడు వేల నాటు రొయ్యపిల్లల్ని తెచ్చి వదిలింది. ఇంకో ఏడేళ్ళు ఒక్కరినీ ఒక్క బోనూ వెయ్యనివ్వలేదు. పరాయి పడవ, పరాయి బూటు, పరాయి గాలం, ఏదీ ఈ నీళ్ళలో ముంచకూడదని పడవరేవు దగ్గర పెద్ద బోర్డు పెట్టింది. ఊరంతా ఆమెని "చెరువు పోలీసు" అని వెక్కిరించారు. పడింది. మళ్ళీ తెగులు గనక వస్తే ఇంకో పద్నాలుగేళ్ళు ఎదురుచూసే ఓపిక గానీ వయసు గానీ తనకి లేవని ఆమెకి బాగా తెలుసు.

ఈ యేడు ఊరంతా కూర్చుని తీర్మానించారు. ఒకే ఒక్క రాత్రి, ఇంటికి ఐదు బోన్లు. విందు సోల్వేయ్ ఇంట్లో.

బోన్లన్నీ తీశాక పొట్టివాటిని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తే నూట ఎనభై తేలాయి. ఇరవై మందికి తలకి తొమ్మిది.

"తొమ్మిదా?" అంది మైకెన్ అత్త. అంతోన్ చెల్లెలు, ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. పొయ్యి పక్కన కుర్చీ వేయించుకుని, చేతికర్రతో అందర్నీ ఆడిస్తోంది. "మా రోజుల్లో తొమ్మిది తిని లేస్తే ఒంట్లో బాలేదేమోనని డాక్టర్ని పిలిచేవాళ్ళు."

"అత్తా, పోయినేడు తలకి సున్నా."

"అది నిజమేలే. ఉప్పు వెయ్యి. ఇంకొంచెం. ఏమ్మా, చెయ్యి పొదుపుచేస్తున్నావా? చెరువు నీళ్ళలో బతికింది సముద్రంలో చచ్చినట్టుండాలి."

ఉప్పు, గుప్పెడు పంచదార, ఓ సీసా నల్ల బీరు, పూతకొచ్చిన సోయకూర కట్టలు కట్టలుగా. మామూలు ఆకు పనికిరాదు, పసుపుపచ్చ గొడుగుల్లాంటి పూగుత్తులే కావాలి. నీళ్ళు తెర్లుతుండగా సోల్వేయ్ పది పది చొప్పున రొయ్యల్ని తలకిందులుగా జారవిడిచింది. నల్లటివి క్షణంలో ఎర్రబడ్డాయి. ఆ వాసన ఇల్లంతా నిండేసరికి రూనె వంటింటి గుమ్మంలో నిలబడి ముక్కు తుడుచుకున్నాడు. ఉడికినవాటిని వెంటనే తినకూడదు. ఒక రాత్రీ ఒక పగలూ ఆ ఉప్పునీళ్ళలోనే ఊరాలి. అదే అసలు కష్టం.

సాయంత్రం అన్నయ్య ఎవెర్ట్‌కి ఫోను చేసింది. సోల్వేయ్ కంటే మూడేళ్ళు పెద్ద. జీవితమంతా లారీ నడిపి, ఇప్పుడు వెత్తెర్న్ మహా సరస్సు ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడు. ఎక్కడికెళ్ళినా చేతులూపుకుంటూ వెళ్ళే రకం కాదు.

"తలకి తొమ్మిదేంటే? అది విందా, ఉపవాసమా?" అని గట్టిగా నవ్వాడు.

"మన చెరువువి అన్నయ్యా! మన చెరువువి!"

"తెలుసులేవే, తెలుసు. రేపు నాలుగింటికల్లా వస్తా. లోటు సంగతి నేను చూసుకుంటా."

చివరి మాట ఆమె చెవికెక్కలేదు. అప్పటికే రేపు ఎన్ని కుర్చీలు కావాలో లెక్కపెట్టుకుంటోంది.

శనివారం ఎండ మండిపోయింది. మధ్యాహ్నం నుంచీ సోల్వేయ్ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆపిల్ చెట్ల కింద పొడుగుబల్ల వేయించింది. కాగితపు గుడ్డలు పరిచింది. చీజ్ పైలు మూడు ఒవెన్లోంచి తీసింది. కొలత సరిపోయిందో లేదో చూడ్డానికి పెట్టుకున్న కాగితపు టోపీ తియ్యడం మరిచిపోయి, అలాగే నిచ్చెనెక్కి చందమామ ముఖాల లాంతర్లు తాడుకి వేలాడదీస్తోంది. మైకెన్ అత్త కింద కూర్చుని వంక పెడుతోంది.

"ఆ చందమామ వంకరగా ఉంది."

"చందమామలన్నీ అలానే ఉంటాయత్తా."

"నవ్వుతున్నాడా ఏడుస్తున్నాడా తెలీట్లేదు. మీ అన్నయ్య వచ్చాడు, చూశావా?"

"వచ్చాడా? ఏడీ?"

"కారు అక్కడ పెట్టి రేవు వైపు పోయాడు. పెద్ద పెట్టె మోసుకుంటూ. నా ముందునించే వెళ్ళాడు, ముద్దు కూడా పెట్టలేదు. 'పాపం సొమ్మసిల్లిపోయాయి అత్తా, కాస్త నీళ్ళు చూపించి వస్తా' అన్నాడు."

"ఏవి సొమ్మసిల్లాయి?"

"రొయ్యలు. ఇంకేంటి?"

నిచ్చెన ఎలా దిగిందో సోల్వేయ్‌కే తెలియదు. వాళ్ళ నాన్న నేర్పిన మాట ఆ ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ వచ్చు. ప్రయాణం చేసొచ్చిన రొయ్యకి ముందు నీళ్ళు చూపించాలి. ఎండలో కార్లో వచ్చిన రొయ్య నీరసిస్తుంది, నీరసించిన రొయ్య కుండలో తోక ముడవదు, తోక ముడవని రొయ్యని ఎవరూ ముట్టరు. ఎవెర్ట్‌కి అది అమ్మపాలతో వచ్చిన అలవాటు. వెత్తెర్న్ నిండా ఉన్నవి సీమ రొయ్యలు!

"రూనె! సారా!" అని అరుస్తూ పరుగందుకుంది.

"ఇప్పుడే మొదలెట్టేస్తున్నావా?" అన్నాడు వంటింటి కిటికీలోంచి రూనె.

"స్పిరిటు తే! సారా తే! ఏది ఉంటే అది తే! రేవుకి!"

పెరడు దాటి, కట్టెలకొట్టు దాటి, కంపలో ఒక చెప్పు వదిలేసి, వాలులో జారుతూ పరిగెత్తింది. కాగితపు టోపీ రబ్బరుదారం గొంతుకి బిగిసిపోతోంది. రేవు చివర ఎవెర్ట్ మోకాళ్ళ మీద వంగి ఉన్నాడు. పెట్టెకి తాడు కట్టేశాడు. రెండు చేతులతో ఎత్తాడు. చిల్లుల పెట్టె నీళ్ళకి మూరెడు ఎత్తులో గాల్లో ఊగుతోంది.

"అన్నయ్యా! ఆగు!"

"వచ్చావా! చూడవే ఎలా ఉన్నాయో, ఒక్కోటి నా చెప్పంత..."

"దించకు! దించావంటే చంపుతా!"

ఎవెర్ట్ నవ్వాడు. నవ్వుతూనే తాడు ఇంకాస్త వదిలాడు. సోల్వేయ్ దూకినంత పనిచేసి రెండు చేతులతో పెట్టెని వెనక్కి లాగి, రేవు మధ్యకి ఈడ్చి, దాని మీద కూర్చుంది. ఊపిరాడక నోరు తెరుచుకుని, ఒక కాలికి చెప్పు లేకుండా, నెత్తిన వంకర టోపీతో. కింద అరవై రొయ్యలు గీరుతున్నాయి.

"పిచ్చా నీకు?" అన్నాడు ఎవెర్ట్.

"తగిలిందా? నీళ్ళకి తగిలిందా?"

"లేదు. తగలనిచ్చావా నువ్వు?"

"నీ చేతులు? ముంచావా? బూట్లు?"

"ఏమీ ముంచలేదే తల్లీ! ఏమైంది నీకు?"

పెట్టెలోంచి కారిన తడి చెక్కల మీద మరకలా పాకింది. అంచుకి ఇంకా రెండు జానల దూరం ఉంది. అంతలో రూనె రెండు చేతుల్లో సీసాలతో వగరుస్తూ వచ్చాడు. తెగులు చావడానికి స్టవ్వు స్పిరిటు అరసీసా ఆ మరక చుట్టూ పోసింది సోల్వేయ్. చాల్లేదు. విందు సారా సీసా మూత తీసింది.

"అది జీలకర్ర సారా," అన్నాడు రూనె నీరసంగా. "పోనీ కాఫీ కెటిల్‌తో వేణ్ణీళ్ళు తెస్తా..."

"అదీ తే!" అని సీసా బోర్లించింది. రెండో సీసాతో ఎవెర్ట్ చేతులు కడిగించింది. రూనె తల పక్కకి తిప్పుకున్నాడు, చూడలేక. తరవాత కెటిల్ కోసం పరిగెత్తాడు.

"బోర్డు చూడలేదా నువ్వు?"

"కళ్ళజోడు కార్లో ఉంది. అయినా ఏంటే గోల? రోగమున్న వాటివల్ల కదా రోగం వచ్చేది? ఇవి చూడు, గుర్రాల్లా ఉన్నాయి."

"ఇవి చావవన్నయ్యా. మోసుకొస్తాయి, అంతే. చచ్చేవి మనవి. వీటి ఒంటి మీది తడి ఒక్క చుక్క చాలు."

ఎవెర్ట్ మొహంలో నవ్వు అలాగే నిలబడిపోయింది. పెట్టె వైపు చూస్తూ అన్నాడు, "మూత వేసి, తాళ్ళు కట్టి, ఒక్క రాత్రి ఉంచినా?"

"ఒక్క నిమిషం ఉంచినా. నీళ్ళకి మూతేంటి?"

అతను మెల్లగా చెక్కల మీద కూలబడ్డాడు. సోల్వేయ్‌కి మొదట అర్థం కాలేదు. ఎండదెబ్బేమో అనుకుంది.

"నాన్న డెబ్బై ఐదో పుట్టినరోజు," అన్నాడు. "అందర్నీ ఆశ్చర్యపరుద్దామని ముందురోజు సాయంత్రమే వచ్చా. ఎవరికీ కనబడకుండా పెట్టె ఇక్కడే, ఈ చెక్కల కింద కట్టేశా. పొద్దున్న తీసి నేనే ఉడికించా. గుర్తుందా? కొన్నానని చెప్పా."

గుర్తుంది. ఆ రోజు నాన్న ఇరవై రెండు తిన్నాడు. ఆ రోజు ఆగస్టు ఇరవై. సెప్టెంబరు రెండో వారంలో మొదటి చచ్చిన రొయ్య ఈ రేవు పక్కనే దొరికింది.

సోల్వేయ్‌కి ఒళ్ళు మండిపోయింది. పద్నాలుగేళ్ళు. కిటికీకి వీపు పెట్టిన నాన్న. కొట్టాలనిపించింది. చెయ్యి నిజంగానే లేచింది. అన్న తల వంచుకుని, కొట్టించుకోవడానికే కూర్చున్నట్టు కూర్చున్నాడు. చెయ్యి దించేసింది. పైన పెరట్లో కార్ల తలుపులు వేస్తున్న చప్పుళ్ళు వినిపించాయి. అతిథులు వచ్చేస్తున్నారు.

"ఈ రోజు నోరు తెరిచావంటే ఊరుకోను," అంది. "ఈ రోజు నాది. పద్నాలుగేళ్ళు కాచుకున్నా. విందు పాడుచెయ్యకు."

"సరే," అన్నాడు.

సీమ రొయ్యల్ని పెరటి అవతల, చెరువుకి దూరంగా పెద్ద కుండలో పెట్టి రూనె ఉడికించేశాడు. ఆ నీళ్ళని అడవి వైపు రాళ్ళలో పారబోశాడు. పెట్టె, తాడు, గోనెపట్టా అన్నీ మంటలో వేశాడు. కెటిల్ల కొద్దీ మరిగే నీళ్ళు రేవు చెక్కల మీద పోశాడు. ఆరింటికి అందరూ బల్ల దగ్గర కూర్చున్నారు. టోపీలు, మెడకి గుడ్డలు, వేళ్ళ దగ్గర చిన్న చాకులు. సోల్వేయ్ పెద్ద పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలోంచి బయటికొచ్చేసరికి ఎవరో మొదలుపెట్టిన చప్పట్లు ఆగలేదు. ఎర్రటి రొయ్యల కొండ, మీద సోయకూర పూలు. ఆమె నవ్వు చెవులదాకా పాకింది. బతికింది. చెరువు బతికింది!

సారా తలకి అరగ్లాసే వచ్చింది. ఎందుకని అడిగినవాళ్ళకి "రేవు తాగేసింది" అన్నాడు రూనె. పాట పాడారు, తాగారు, మొదటి రొయ్య వీపు విరిచి ఉప్పునీళ్ళు జుర్రుమని పీల్చారు. బల్ల పొడుగునా ఇరవై మంది జుర్రుకునే చప్పుడు. మాటలు లేవు. ఆ చప్పుడు కోసమే కదా ఇన్నేళ్ళూ.

మైకెన్ అత్త డెక్క కొరికి, పీల్చి, కళ్ళు మూసుకుంది. చెంపల మీంచి నీళ్ళు కారాయి.

"మా అన్న ఉంటే," అంది. "ఇది తినకుండా పోయాడు. నా బోన్లే, నా బోన్లే అని ఏడ్చి పోయాడు."

అందరూ ఉసూరుమన్నారు. సోల్వేయ్ గభాలున ఎవెర్ట్ వైపు చూసింది. అతను అప్పటికే లేచి నిలబడ్డాడు. ఆమె బల్ల కింద నుంచి చొక్కా పట్టి లాగింది. వదిలించుకున్నాడు.

"నాన్న బోన్లు కాదత్తా," అన్నాడు. "నేను."

చెప్పాడు. పుట్టినరోజు, పెట్టె, చెక్కల కింద ఒక్క రాత్రి. ఈ మధ్యాహ్నం కూడా, చెల్లెలు పరిగెత్తుకు రాకపోతే, మళ్ళీ. దాచకుండా అంతా చెప్పాడు. బల్ల దగ్గర జుర్రుకునే చప్పుడు ఒక్కటొక్కటే ఆగిపోయింది. పద్నాలుగేళ్ళు పోగొట్టుకున్న ఊరు ఊరంతా ఆ బల్ల చుట్టూ కూర్చుని అతన్నే చూస్తోంది. సోల్వేయ్ తన విందు అయిపోయిందనుకుంది.

మైకెన్ అత్త చేతిలోని డెక్క పళ్ళెంలో పెట్టేసింది.

"అయితే మా అన్న ఏ పాపమూ చెయ్యలేదన్నమాట," అంది చివరికి. చెంపలింకా తడిగానే ఉన్నాయి గానీ, ఆ మొహం మీది వెలుగు చూసినవాళ్ళెవరికీ అది ఏడుపనిపించలేదు. "విన్నారా అందరూ? అంతోన్ ఏమీ చెయ్యలేదు. ఒక్కొక్కరూ వినండి. రూనె, నా గ్లాసులో ఇంకేమైనా ఉంటే పొయ్యి."

రూనె తన గ్లాసు ఆమె గ్లాసులో వంచాడు. ఆమె లేచింది, కర్ర లేకుండా. "అంతోన్‌కి," అంది. కుర్చీలన్నీ కదిలాయి. అందరూ లేచారు. "అంతోన్‌కి!" అని ఇరవై గొంతులు ఒక్కసారి అరిచాయి. సోల్వేయ్ కూడా అరిచింది. అరిచాక గానీ తెలియలేదు, తను ఏడుస్తోందని.

కూర్చున్నాక ఎవెర్ట్ పళ్ళెం పక్కకి నెట్టేశాడు. తొమ్మిది రొయ్యలూ అలాగే ఉన్నాయి. "మీరు తినండి," అన్నాడు. "ఈ చెరువు తిండి తినే హక్కు నాకు లేదు."

రొయ్యల బల్ల దగ్గర ఎవరిది వాళ్ళే ఒలుచుకోవాలి. రాజైనా అంతే, బిచ్చగాడైనా అంతే. పళ్ళు రాని పసివాళ్ళకి తప్ప ఎవరూ ఎవరికీ ఒలిచిపెట్టరు. సోల్వేయ్ ఆ పళ్ళెంలోంచి అన్నిటికంటే పెద్దది తీసింది. తల విరిచింది. పెంకు ఊడదీసింది. నరం లాగేసింది. ఉప్పునీళ్ళు మోచేతుల దాకా కారుతున్నాయి. తెల్లటి తోక రెండు వేళ్ళతో పట్టుకుని అన్న మొహం దగ్గర పెట్టింది.

"నోరు తెరువు."

"చెల్లీ, నాకు..."

"మాట్లాడకు. నాకింకా కోపం పోలేదు. చచ్చేదాకా పోదేమో కూడా. నోరు తెరువు."

అరవై ఆరేళ్ళ ఎవెర్ట్, నెత్తిన కాగితపు టోపీతో, మెడకి గుడ్డతో, ఊరందరి ముందూ నోరు తెరిచాడు.